ఎద్దులు తినేసిన చెరువు

ఉమామహేశ్వరి ఫోటో దిగడానికి తెర ముందు నిలబడింది. నిలబడి ఊరుకోకుండా ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. చూసి పకపకా నవ్వింది.

రాజరత్నం గారు కెమెరా మీది నల్లగుడ్డలోంచి తల బయటికి తీశారు. నంద్యాలలో ఆయన స్టూడియోకు మంచి పేరు. కర్నూలు రాజధాని అయిన దగ్గర్నుంచీ ఈ ప్రాంతంలో పెళ్లిచూపులకు ముందు ఫోటో పంపడం ఒక మర్యాద అయిపోయింది. ఆయనకు తీరిక లేదు.

"అమ్మా, కదలొద్దు."

"ఈ బాతులను చూసి కదలకుండా ఎట్లుండేదన్నా?"

"అవి హంసలమ్మా."

"హంసలా! ముక్కుచెంబులు నీళ్లలో వదిలినట్టుండాయి."

కూతురి పక్కనే ఉన్న రామసుబ్బమ్మ, "నోరు ముయ్‌వే, పెళ్లికి ఫోటో దిగేటప్పుడు నవ్వుతారా?" అని కసిరింది.

తెర వెనకాల మద్దిలేటి చెవులు ఎర్రబడ్డాయి. ఆ తెర గీసింది అతనే. పొద్దున దాని కింది వెదురు కట్టు ఊడిపోయింది కాబట్టి, జారకుండా వెనక నిలబడి పట్టుకున్నాడు. నీలంగా పెద్ద చెరువు, గట్టు మీద కొబ్బరితోట, ఒక పడవ, పొగ వచ్చే పూరిల్లు, నడుమున కడవతో చిరునవ్వు నవ్వే అమ్మాయి. కొబ్బరితోటను అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒక సబ్బు కంపెనీ క్యాలెండరులో చూశాడు. హంసలను అందులో కూడా చూడలేదు.

"అన్నా, ఆ కడవ ఎత్తుకున్న పిల్ల ఎందుకు నవ్వుతాండాది?" ఉమామహేశ్వరి వదలలేదు. "నేను దినామూ మోస్తాండా. నాకెప్పుడూ నవ్వు రాల్యా. నడుం నొప్పొచ్చింది."

"పల్లెటూరంటే అట్లనే ఉంటాది!" అంది తెర.

రామసుబ్బమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో నరసింహస్వామీ, చెరువు మాట్లాడతాండాది!"

మద్దిలేటి తల పక్కనుంచి బయటికి వచ్చింది. తల వస్తే చేతులు ఊరుకుంటాయా, పట్టు జారింది. చెరువూ, తోటా, పడవా అన్నీ ఒక్కసారిగా కిందికి వాలాయి. వాటి వెనక బక్కపలుచని యువకుడు, చెంప మీద నీలం రంగుతో, దొంగలా నిలబడి ఉన్నాడు.

"ఓ, నువ్వేనా హంసలప్పా?" అంది ఉమామహేశ్వరి.

మళ్లీ తెర కట్టి ఫోటో తీశారు. ఎంత చెప్పినా ఆ అమ్మాయి పెదవుల చివర నవ్వు పోలేదు. నవ్వుతోనే ఫోటో వచ్చింది. మద్దిలేటి ఆ రాత్రి అన్నంలో మజ్జిగ అనుకుని మంచినీళ్లు పోసుకున్నాడని వాళ్లమ్మ చెన్నమ్మ చెబుతుంది.

* * *

కొన్నాళ్లకు ఉమామహేశ్వరి తండ్రి ఆదినారాయణ ఆళ్లగడ్డ నుంచి స్వయంగా స్టూడియోకు వచ్చాడు. పెద్ద రైతు. స్వాతి నక్షత్రం వస్తే తప్పకుండా అహోబిలం వెళ్లి వచ్చే భక్తుడు. అబద్ధమంటే ఆమడ దూరం.

"అబ్బీ, ఈ చెరువు గీసింది నువ్వేనా?"

"నేనేనప్పా."

"ఇట్లాంటిదే ఇంకోటి కావాల. పెద్దది."

"ఎంత పెద్దది?"

"చెరువంత."

సంగతేమిటంటే, ఫోటో అవుకు చేరింది. అక్కడ రంగయ్య అనే మోతుబరి తన కొడుక్కి సంబంధాలు చూస్తున్నాడు. ఆయన ఫోటోలో పిల్లను ఒకసారి, చెరువును పదిసార్లు చూశాడు. ఆ చెరువూ, తోటా పిల్ల తండ్రివేనని తేల్చుకున్నాడు. వచ్చే వారం చూడ్డానికి వస్తున్నాడు, పిల్లనో చెరువునో తెలియదు.

"మాది కాదని చెప్పలేదా అప్పా?"

"నన్నెవరు అడిగినారప్పా? అడిగింటే చెప్పేవాణ్నే. 'మీ చెరువు బాగుంది బావా' అని కబురు పంపినాడు. బాగుంది అన్నోనితో బాగాలేదు అని ఎట్లంటాం?"

"మరి గుడ్డ మీద చూపించేది తప్పు గాదా?"

"నేను నోరు తెరిచి చెరువుండాదని చెప్పను. ఇంటి వెనక చేను చివర గుడ్డ కట్టుకుంటా. నా చేను, నా గుడ్డ. వాళ్లు చూస్తే చూస్తారు." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక్కతే కూతురప్పా. ఇదో చూడు, ఎట్లాంటి ఇంట్లోకి పోతాదో."

జేబులోంచి పెళ్లికొడుకు ఫోటో తీసి చూపించాడు. పాలరాతి మెట్లు, నున్నటి కమ్మీ, వెనక పెద్ద పెద్ద స్తంభాలు.

"మిద్దె కాదు, బంగళా! వాకిట్లో రెండు రాతి కుక్కలు గూడా పెట్టించుకున్నారు."

మద్దిలేటి నోరు తెరిచాడు. ఆ మెట్లు అతను గీసినవే. ఆ బంగళా తెర చుట్టబడి ఇప్పుడు వాళ్ల పక్కనే మూలన ఆనించి ఉంది. రాజరత్నం గారు గట్టిగా దగ్గారు. ఎవరు ఏ తెర ముందు నిలబడ్డారో ఇంకొకరికి చెప్పకూడదన్నది ఆ స్టూడియోలో మొదటి నియమం. పైగా ఇప్పుడు నోరు విప్పితే సంబంధం చెడగొట్టాడంటారు. మద్దిలేటి నోరు మూసుకున్నాడు.

నిజం చెప్పాలంటే అతనికి ఆ పని అక్కర్లేదు. కానీ ఆళ్లగడ్డ పోతే ఆ నవ్వు మళ్లీ వినవచ్చు. పెట్టెలో కుంచెలు సర్దుకున్నాడు.

* * *

ఆదినారాయణ ఇల్లు ఊరి చివర. ఇంటి వెనక కొట్టం, దాని వెనక కోత అయిపోయిన జొన్నచేను. కొట్టం పక్కన మోటు గాడా గుడ్డలు కుట్టి పరిచారు. నంద్యాలలో అయితే రంగులు పట్టడానికి గుడ్డకు చింతగింజల జిగురు పూసి, పురుగు ముట్టకుండా అందులో ఇంత మైలుతుత్తం కలిపేవాడు. ఇక్కడ ఇంత పెద్ద గుడ్డకు అంత జిగురు యాడ తెచ్చేది? రామసుబ్బమ్మ పెద్ద గంగాళంలో జొన్నగంజి కాచి ఇచ్చింది. అదే పూశాడు.

"ఏమప్పా, ఈసారి గూడా ముక్కుచెంబులేనా?"

ఉమామహేశ్వరి చంకలో గంప పెట్టుకుని నిలబడి ఉంది.

"హంసలు," అన్నాడు మద్దిలేటి తలెత్తకుండా.

"మా దిక్కు లేనివన్నీ గీస్తావే, ఉన్నవి గీయవా? అదో, ఆ నల్లగా కనపడేది నల్లమల. ఇది నల్లరేగడి. వాన పడిందంటే నువ్వు ముందుకు పోతావు, నీ చెప్పులు ఈడనే ఉంటాయి. అదో జొన్నదంట్ల వామి. ఇంకేం కావాల?"

"అందులో అందం యాడుంది?"

"యాడ లేదో చూసి చెప్పు."

మద్దిలేటి చాలాసేపు చూశాడు.

"చేను చూడమంటే నన్ను చూస్తాండావేంది?"

"చేనే చూస్తాండా. మధ్యలో నువ్వు అడ్డముండావ్."

ఉమామహేశ్వరి గంపను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. జవాబు దొరకనప్పుడు ఆమె అట్లాగే చేసేది. తరువాతి మూడు రోజుల్లో ఆ గంప చాలాసార్లు చంకలు మారింది.

నాలుగో రోజు ఆమె మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది.

"నాకు ఆ సంబంధం ఇష్టం లేదు," అంది. "అంత పెద్ద బంగళాలో తుడిచేదెవరు? వాకిట్లో రెండు కుక్కలంట. నాకు కుక్కలంటే భయం."

"అవి కుక్కలు గాదు, సింహాలు!"

మాట వచ్చేసింది. మద్దిలేటి నాలుక కరుచుకున్నాడు.

"నీకెట్లా తెలుసు?"

మద్దిలేటి గీసిన హంసకే మళ్లీ రంగు పూయడం మొదలుపెట్టాడు.

"అప్పా, నిన్నే. నీకెట్లా తెలుసు?"

"జూలు ఉంది గదా," అన్నాడు నీరసంగా.

"మేడ గూడా నువ్వే కట్టినావా?"

చెప్పక తప్పలేదు. సింహాన్ని ఎన్నడూ చూడనందువల్ల రాజరత్నం గారి కుక్కను కూర్చోబెట్టి గీశానని కూడా ఒప్పుకున్నాడు. ఉమామహేశ్వరి గంపను బోర్లించి దాని మీద కూర్చుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

"అయితే వాళ్లింట్లో నిజంగా ఏముండాది?"

"నాకేం తెలుసు? నా గుడ్డ వరకే నాకు తెలుసు."

"మా నాయనకు ఎందుకు చెప్పలేదు మరి?"

"చెప్తే… నా కోసం చెడగొట్టినట్టుంటాది గదా."

"నీ కోసమా? నీకేం లాభం?"

మద్దిలేటి కుంచెను నీళ్ల డబ్బాలో ముంచబోయి మజ్జిగ చెంబులో ముంచాడు. ఉమామహేశ్వరి ఆ చెంబును చూసింది, అతన్ని చూసింది, గంప తీసుకుని గబగబా లోపలికి పోయింది.

తండ్రి పూజ ముగించి లేస్తున్నాడు.

"నాయనా, వాళ్ల బంగళా గుడ్డ మీది బొమ్మంట."

"ఎవరు చెప్పినారు?"

"గీసినోడే."

"ఇష్టం లేక ఏదో ఒకటి పెడతాండావ్. అంత పెద్దమనుషులు గుడ్డ మీద మేడ చూపించి మోసం చేస్తారా? ఛీ, దేవుడుండాడు!" అని లెంపలు వేసుకున్నాడు ఆదినారాయణ. లెంపలు వేసుకుంటూనే కిటికీలోంచి, "అబ్బీ, కొబ్బరిచెట్లు ఇంకో రెండు ఎక్కువ వెయ్యి!" అని కేక పెట్టాడు.

కళ్లకు చెప్పిన అబద్ధం దేవుడి లెక్కలో రాదని అంత భక్తుడికి ఎవరు చెప్పారో తెలియదు.

* * *

అవుకు వాళ్లు పొద్దు వాలే వేళకు వచ్చారు. అట్లా వచ్చేట్టు ఆదినారాయణే ఏర్పాటు చేశాడు. రంగయ్యకు చూపు మందం, కళ్లద్దాలు పెట్టుకుంటే ముసలివాడంటారని బిడియం. గొంతు మాత్రం పక్క ఊరికి వినిపిస్తుంది. కాబట్టి మిద్దె మీద ఆయన అన్న ప్రతి మాటా, చేను చివర రెండు వేపచెట్ల మధ్య కట్టిన తెర వెనక, గాలికి చెరువు లేవకుండా కింది వెదురు పట్టుకుని కూర్చున్న మద్దిలేటికి చక్కగా వినబడింది. మిగతా వాళ్ల మాటలు తరువాత రామసుబ్బమ్మ చెప్పగా తెలిశాయి.

"ఆహా! చెరువంటే ఇదీ! మా అవుకులో గూడా చెరువుండాది బావా, ఏం లాభం, ఊరందరిదీ. ఇది సొంతం!"

"ఊఁ," అన్నాడు ఆదినారాయణ. నోరు తెరవనని మాట ఇచ్చుకున్నాడు కదా.

"చేపలుండాయా?"

"ఊఁ."

"ఆ కడవ ఎత్తుకున్న పిల్ల ఎవరు? మేమొచ్చినప్పటి నుంచి ఆడనే నిలబడిందే?"

"మా పనిపిల్ల అన్నా," అంది రామసుబ్బమ్మ. "శానా సోమరిది."

మద్దిలేటికి ఏడుపు వచ్చినంత పనైంది. రంగయ్య గొంతులో సంతోషం చూస్తే ఈ రాత్రికే తాంబూలాలు పుచ్చుకునేట్టున్నాడు. తన చేతులతో గీసిన చెరువులోనే ఆ పిల్ల మునిగిపోతూ ఉంది. వదిలేస్తే? వెదురు వదిలేస్తే చాలు. కానీ పని ఒప్పుకున్నవాడు వదిలేయవచ్చునా? వదల్లేదు.

అంతలో గజ్జెల చప్పుడు వినిపించింది.

"అదో, మీ ఎద్దులు నీళ్లకు పోతాండాయి బావా! పశువుకు తెలుసు మంచి నీళ్లు యాడుండేది!"

తెర మీద మద్దిలేటి ముక్కుకు ఎదురుగా చిన్న తడి మచ్చ పడింది. పెరిగి పళ్లెమంత అయింది. దాని పక్కన ఇంకొకటి. ఎవరో అవతలి నుంచి చెరువును నాకుతున్నారు.

"తాగుతాండాయి! ఆఁ, తాగుతాండాయి… ఏందీ, నములుతాండాయే?" రంగయ్య గొంతు మారింది. "బావా! మీ ఎద్దు చెరువును నములుతాండాది!"

జొన్నగంజి వాసన ఎద్దులకు కుడితి వాసన. ఒకటి పడవ తిన్నది. రెండోది హంసల దగ్గర మొదలుపెట్టి పూరింటి దాకా వచ్చింది. చర్రున చిరిగి ఒక కొమ్ము ఇవతలికి వచ్చింది. "హేయ్! హేయ్!" అని మద్దిలేటి లేచాడు. పైతాడు తెగింది. గుడ్డంతా అతని మీద పడి చుట్టుకుంది. దారి తెలియక అతను పరుగెత్తాడు.

మిద్దె మీది వాళ్లకు కనిపించింది ఏమంటే, చెరువు లేచి, రెండు కాళ్లతో, కొబ్బరిచెట్లు ఈడ్చుకుంటూ ఇంటివైపు పరుగెత్తి వస్తోంది. వెనక రెండు ఎద్దులు, ఇంకా ఆకలి తీరనట్టు.

అందరూ వాకిట్లోకి దిగారు. కొట్టం గుంజకు తగిలి చెరువు కింద పడింది. రంగయ్య వంగి గుడ్డ తొలగించి, కళ్లు చికిలించి మద్దిలేటిని చూశాడు.

"నువ్వా! మా చలపతిని మెట్ల ముందర నిలబెట్టి, కమ్మీ మీద చెయ్యి ఆనించినట్టు పెట్టమన్నోడివి నువ్వే గదా!"

అనేశాక ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"యా మెట్లు?" అన్నాడు ఆదినారాయణ.

అప్పటిదాకా పూర్ణం బచ్చాలు తింటున్న పెళ్లికొడుకు చలపతి మూతి తుడుచుకుని, "మాది మట్టిమిద్దె మామా," అన్నాడు. "పోయిన వానకు ఒక పక్క పడింది గూడా."

"నేను నోరు తెరిచి బంగళా ఉండాదని చెప్పలేదు బావా," అన్నాడు రంగయ్య.

ఆదినారాయణ ఆ మాటకు ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆ మాట తనదే. ఇన్నాళ్లూ తన నోట్లో ఎంతో బాగున్న మాట ఎదుటివాడి నోట్లోంచి వస్తే ఇంత నీచంగా వినిపిస్తుందని ఆయనకు తెలియదు. దేవుడి గది వైపు చూశాడు. తలుపు వేసి ఉన్నందుకు కాస్త ఊరట కలిగింది.

ఇద్దరు పెద్దలూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పలేం. రంగయ్య నవ్వుకు మాత్రం ఎద్దులు బెదిరి కొట్టంలోకి పోయాయి. సంబంధం కుదరలేదు, స్నేహం కుదిరింది. చలపతి మిగిలిన బచ్చాలు మూట కట్టించుకున్నాడు.

వాళ్లు వెళ్లాక ఆదినారాయణ మద్దిలేటి వైపు తిరిగాడు.

"ఎద్దులను నువ్వు విడిచినావా?"

"నేను విడిచినా నాయనా," అంది ఉమామహేశ్వరి, తలుపు చాటు నుంచి బయటికి వచ్చి. "నువ్వు నా మాట వినకపోతివి. ఎద్దులన్నా చెప్తాయని."

"మరి నువ్వు? బంగళా సంగతి తెలిసీ నాకు చెప్పకపోతివే?"

మద్దిలేటి ఒంటి మీద సగం కొబ్బరిచెట్టు ఇంకా అంటుకునే ఉంది. "చెప్తే పిల్లను నాకిమ్మని అడగలేను గదప్పా," అన్నాడు. "చెడగొట్టినోడికి ఎవరిస్తారు? చెప్పకపోతే గూడా ఇవ్వరనుకో. రెండు దిక్కులా ఆలోచించి వెదురు పట్టుకుని కూర్చున్నా."

రామసుబ్బమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకు మజ్జిగ చెంబులో నీలం రంగు కనపడ్డ రోజే అర్థమైంది.

"నీకేముండాది?" అన్నాడు ఆదినారాయణ.

"ఒక పెంకుటిల్లు, ఒక ఆవు, ఒక అమ్మ. మా నాయన గోస్పాడులో చేను అమ్ముకుని నంద్యాల చేరినాడు. ఆయన లేడు. ఈ కుంచెలుండాయి."

"గోస్పాడులో ఎవరింటోళ్లు?" అని రామసుబ్బమ్మ అందుకుంది. ఆడవాళ్లు చుట్టరికం తవ్వితే పడకుండా ఉంటుందా? దీపాలు పెట్టేలోపు అతను ఆమెకు పెద్దమ్మ కూతురి కొడుకు వరస, అంటే ఉమామహేశ్వరికి అన్న అని తేలింది. మద్దిలేటి మొహం పాలిపోయింది. ఇంకాస్త తవ్వి, పెద్దమ్మ కూతురి ఆడబిడ్డ కొడుకవుతాడనీ, వరస కలుస్తుందనీ ఆమే తేల్చింది. మద్దిలేటికి ప్రాణం లేచి వచ్చింది.

"చుట్టరికం సరే," అన్నాడు ఆదినారాయణ. "ఇల్లు మాత్రం నేను తాకి చూడాల."

* * *

మహానంది దర్శనానికి పోతూ పోతూ తల్లీ, తండ్రీ, కూతురూ నంద్యాలలో మద్దిలేటి ఇంటి ముందు దిగారు. పెళ్లికి ముందు పిల్ల ఆ ఇంటికి రాకూడదు కానీ, స్వామి దర్శనానికి దారి అటే ఉంటే ఎవరేం చేస్తారు?

ఆదినారాయణ ముందు గోడను గోటితో గీకాడు. మట్టి రాలింది. తలుపు కొట్టాడు, మోగింది. ఆవు తోక పట్టుకుని లాగాడు. అది వెనక్కి తన్నింది. తప్పించుకుని సంతృప్తిగా తల ఊపాడు.

"ఏం వెతుకుతాండావన్నా?" అంది చెన్నమ్మ భయంగా.

"ఏం లేదమ్మా. ఇంకోసారి మోసపోకూడదని."

విస్తళ్లు వేశారు. అన్నం మీద పప్పు పడీ పడకముందే ఆకాశం చీకటైంది. పెంకుల మీద టపటపా మొదలై, చూస్తూ చూస్తూ కుండపోత అయింది. సరిగ్గా ఆదినారాయణ బట్టతల మీద ఒక చుక్క పడింది. తరువాత ఇంకొకటి. మూడోది పప్పులో పడింది.

చెన్నమ్మకు తల కొట్టేసినట్టైంది. మద్దిలేటి పరుగెత్తుకు వచ్చాడు. "అప్పా, ఈడ కురుస్తాది, ఇట్లా జరగండి!"

ఆదినారాయణ జరగలేదు. తల పైకెత్తి, నుదుటి మీద పడే చుక్కలు తుడుచుకోకుండా చూశాడు. ఆయన మొహం మెల్లగా విప్పారింది.

"ఏమే!" అని భార్యను పిలిచాడు. "కురుస్తాండాది! గుడ్డ మీది ఇల్లయితే కురుస్తాదా? ఇది నిజమైన ఇల్లే! అల్లుడూ, ఇంకొంచెం పప్పు వెయ్యి!"

పిలుపు విని మద్దిలేటి పప్పుకు బదులు నెయ్యి గిన్నె మొత్తం వంచేశాడు. రామసుబ్బమ్మ, చెన్నమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

వంటింటి గడప దగ్గర ఉమామహేశ్వరి ఒక చుక్క కింద చెంబు, ఒక చుక్క కింద గిన్నె పెడుతూ తిరుగుతోంది. నెయ్యి గిన్నె కడగడానికి వచ్చిన మద్దిలేటిని చూడకుండానే అడిగింది.

"ఇంకెన్ని చోట్ల కురుస్తాది?"

"వానను బట్టి ఉంటాది," అన్నాడు మద్దిలేటి సిగ్గుపడుతూ. "పెంకులు మార్పిస్తాలే."

"ఇప్పుడే మార్పించొద్దు. మా నాయన మళ్లీ అనుమానపడతాడు," అంది ఆమె. ఖాళీ గిన్నె కోసం చుట్టూ చూసి, దొరకక, అతని చేతిలోని నెయ్యి గిన్నె లాక్కుని చుక్క కింద పెట్టింది. "సారెలో బిందెలు ఎక్కువ పెట్టమని మా అమ్మకు చెప్తాలే."